బండిలోకి దుమ్ము పోకుండా

ఒక లీటరు పెట్రోలు మండాలంటే ఎంత గాలి కావాలో ఎప్పుడైనా ఆలోచించారా? తూకంలో చెప్పాలంటే, ఒక పాలు పెట్రోలుకు దాదాపు 14.7 పాళ్ళ గాలి కావాలి. లీటరు పెట్రోలు ముప్పావు కిలో దాకా తూగుతుంది. అంటే దానికి సుమారు 11 కిలోల గాలి పడుతుంది. గాలి తేలిక కదా. 11 కిలోల గాలంటే 9 వేల లీటర్ల పైమాటే. మళ్ళీ చెబుతున్నాను. ఒక్క లీటరు పెట్రోలుకు 9 వేల లీటర్ల గాలి.

ఇప్పుడు మీరు హైదరాబాదు నుంచి విజయవాడకు బండి మీద వెళ్ళారనుకోండి. సుమారు 275 కిలోమీటర్లు. లీటరుకు 40 ఇచ్చే బండి అయితే దాదాపు 7 లీటర్ల పెట్రోలు. గాలి 60 వేల లీటర్లు దాటిపోతుంది. ఆ గాలంతా ఎక్కడిది? మీ ముందు పోతున్న ఇసుక లారీ వెనకది. రోడ్డు పనులు జరుగుతున్న చోటిది. వరికోతల రోజుల్లో అయితే పొట్టు, ధూళి కలిసిన గాలి. అదంతా ఇంజను లోపలికి పోయేముందు ఒకే ఒక్క తెర దాటాలి. ఆ తెర పేరే ఎయిర్ ఫిల్టర్.

స్పోర్ట్ బండికి ఎయిర్ ఫిల్టర్ ఎలా ఎంచుకోవాలి, ఎలా మార్చుకోవాలి, ఈ పూట దాని గురించి మాట్లాడుకుందాం. బండి నడిపే పిల్లలు వినండి. ఆ బండి కొనిచ్చిన అమ్మానాన్నలూ వినండి.

మామూలు బండికీ ఫిల్టర్ ఉంటుంది కదా, స్పోర్ట్ బండి సంగతి ప్రత్యేకంగా ఎందుకు అంటారేమో. రెండు కారణాలున్నాయి.

మొదటిది వేగం. బండి వేగం కాదండీ, ఇంజను తిరిగే వేగం. మన ఊళ్ళలో బాగా కనిపించే యమహా ఆర్ 15 బండినే తీసుకోండి. ఇప్పుడొచ్చేది 155 సీసీ ఇంజను. దాని పూర్తి బలం నిమిషానికి 10 వేల చుట్ల దగ్గర వస్తుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజను రెండు చుట్లకొకసారి గాలి పీలుస్తుంది. అంటే నిమిషానికి 5 వేల సార్లు. పూర్తిగా రేజ్ చేసి పట్టుకుంటే ఆ చిన్న ఇంజను నిమిషానికి సుమారు 700 లీటర్ల గాలి లాగేస్తుంది. అంత గాలితో పాటు ఎంత దుమ్ము రావచ్చో మీరే ఊహించుకోండి.

రెండో కారణం బోరు. పాత బళ్ళలో సిలిండరు లోపల ఇనుప బోరు ఉండేది. అరిగిపోతే లేత్ షాపుకు తీసుకెళ్ళేవాళ్ళు. బోరు చేయించి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేయించేవాళ్ళు. బండి మళ్ళీ కొన్నేళ్ళు నడిచేది. ఆర్ 15లో ఇనుప బోరు లేదు. అల్యూమినియంలో సిలికాన్ కలిపి పోతపోసిన సిలిండరు అది. వేడి తొందరగా బయటికి పంపుతుంది, తేలికగా ఉంటుంది, మంచి పనితనమే. కానీ మామూలు లేత్ షాపులో బోరు చేయించుకునే రకం కాదు. గీతలు పడితే సాధారణంగా సిలిండరే మార్చాల్సి వస్తుంది. కొన్ని ఇతర స్పోర్ట్ బళ్ళలో సిలిండరు లోపల గట్టి పూత వేస్తారు. వాటిదీ ఇదే కథ. కొన్ని వందల రూపాయల ఫిల్టర్ దగ్గర అశ్రద్ధ చేస్తే, వేల రూపాయల సిలిండరు దగ్గర తేలుతుంది.

దుమ్ము సిలిండరును ఎలా అరగదీస్తుంది? అన్ని దుమ్ములూ ఒకటి కావు. తాండూరు, బేతంచెర్ల వైపు నాపరాళ్ళ పొడి ఉంటుంది. పల్నాడులో సిమెంటు ఫ్యాక్టరీల చుట్టుపక్కల సున్నపురాయి పొడి ఉంటుంది. అది మెత్తటి రాయి. కానీ పొడి మరీ సన్నం. ఫిల్టరు తొందరగా పూడిపోతుంది. కరీంనగర్ వైపు గ్రానైట్ పొడి, గోదావరి తీరంలో ఏటి ఇసుక, వీటి సంగతి వేరు. వాటిలో పలుగురాయి ఉంటుంది. పలుగురాయి బోరులో వాడే ఇనుము కంటే గట్టిది. దాని నలుసులు పిస్టన్ రింగుకూ సిలిండరు గోడకూ మధ్య పడితే గీరుతూనే ఉంటాయి. కొంత నలుసు ఇంజనాయిల్లో కలిసి బేరింగుల దాకా పోతుంది. ఒక్క రోజులో జరగదు. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత ఆయిలు తగ్గడం మొదలవుతుంది. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. ఆ పొగ కనిపించేసరికి ఫిల్టర్ మార్చి లాభం లేదు.

అందుకని ఈ పూట మీరు గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒక్కటే. ఎయిర్ ఫిల్టర్ పని దుమ్ము ఆపడం. బండికి పవర్ ఇవ్వడం దాని పని కాదు. దుమ్ము ఆపుతూ, ఇంజనుకు కావలసినంత గాలి వదిలితే చాలు.

ఇది అర్థం కావడానికి కారం మర దగ్గరకు వెళ్దాం. ఎండుమిరపకాయలు పట్టించడానికి వెళ్ళినప్పుడు ఏం చేస్తాం? ముక్కుకు తువ్వాలు అడ్డం కట్టుకుంటాం. ఆడవాళ్ళయితే కొంగు అడ్డం పెట్టుకుంటారు. పల్చటి గుడ్డ కట్టుకుంటే గాలి హాయిగా ఆడుతుంది, కానీ ఘాటు ముక్కులోకి వచ్చేస్తుంది. మందంగా నాలుగు మడతలు పెడితే ఘాటు ఆగుతుంది, ఊపిరాడదు. నేత దగ్గరగా ఉన్న గుడ్డ, ముక్కు చుట్టూ సరిగ్గా అతుక్కునేలా కట్టుకుంటేనే పని జరుగుతుంది. ఎంత మంచి గుడ్డ అయినా పక్కన సందు వదిలితే వృథా. కారం ఆ సందులోంచే వస్తుంది.

అయితే మనకూ ఇంజనుకూ ఒక తేడా ఉంది. మనకు కారం తగిలితే తుమ్ము వస్తుంది. వెంటనే గుడ్డ సర్దుకుంటాం. ఇంజనుకు తుమ్ము రాదు. ఫిల్టర్ చిరిగినా, పక్కన సందు ఉన్నా, బండి బాగానే నడుస్తుంది. అడ్డు తగ్గింది కాబట్టి ఇంకాస్త చురుగ్గా నడిచినట్టు కూడా అనిపిస్తుంది. ఇది చాలామందికి తెలియదు. పికప్ బాగుంది అంటే ఫిల్టర్ బాగుందని కాదు. దయచేసి ఈ మాట మళ్ళీ వినండి. పికప్ బాగుంది అంటే ఫిల్టర్ బాగుందని కాదు.

సరే. ఎంచుకోవడం దగ్గరకు వద్దాం. దుకాణంలో మీకు మూడు రకాల ఫిల్టర్లు కనిపిస్తాయి. కాగితంది, స్పాంజిది, నూలు గుడ్డది.

కాగితం ఫిల్టర్‌లో మళ్ళీ రెండు రకాలు. ఒకటి పొడి కాగితం. ఇంకొకటి నూనె పట్టించిన కాగితం. మన దేశంలో చాలా బళ్ళకు కంపెనీవాళ్ళు ఈ నూనె కాగితమే ఇస్తున్నారు. ముట్టుకుంటే వేలికి జిడ్డుగా తగులుతుంది. ఆ జిడ్డుకే దుమ్ము అంటుకుంటుంది. ఈ రకం నల్లగా కనిపించగానే పాడైపోయిందనుకోకండి. ఆగిన దుమ్ము నూనెలో తడిసి నల్లబడుతుంది. దాని గడువు వచ్చేదాకా పని చేస్తూనే ఉంటుంది. కానీ ఒక సంగతి ఉంది. దీన్ని కడగకూడదు. కంప్రెసర్ గాలి కొట్టకూడదు. గాలి కొడితే నూనె చెదిరిపోతుంది, కాగితంలో సన్నటి రంధ్రాలు సాగిపోతాయి. పైకి శుభ్రంగా కనిపిస్తుంది, దుమ్ము మాత్రం దాటిపోతుంది. సర్వీసుకు ఇచ్చినప్పుడు షెడ్డులో మొదట చేసే పని గాలి కొట్టడమే. పాపం వాళ్ళు మంచికే చేస్తారు. మీరే ముందుగా చెప్పండి. అన్నా, ఇది నూనె కాగితం, గాలి కొట్టొద్దు, గడువైతే మార్చేద్దాం అని.

స్పాంజి ఫిల్టర్ మట్టి దారుల్లో తిరిగే బళ్ళకు ఎక్కువ వాడతారు. దీన్ని కడిగి మళ్ళీ వాడొచ్చు. కిరోసిన్‌తోనో, సబ్బు నీళ్ళతోనో కడిగి, అరచేతుల మధ్య నొక్కి పిండాలి. బట్టల్లా మెలిపెట్టకూడదు, చినుగుతుంది. బాగా ఆరాక నూనె పట్టించి, ఎక్కువైంది పిండేయాలి. పెట్రోలుతో మాత్రం కడగొద్దు. స్పాంజి పాడవుతుంది, నిప్పు ప్రమాదమూ ఉంది.

ఇక మూడోది, కుర్రవాళ్ళ మనసు లాగేది. నూలు గుడ్డ ఫిల్టర్. ఎర్ర నూనె పూసి, రెండు వైపులా సన్నటి తీగ వల వేసి ఉంటుంది. ఖరీదు కాగితం దానికి ఎన్నో రెట్లు. ఈ రకంలో అందరికీ తెలిసిన పేరు కే అండ్ ఎన్. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం రివర్‌సైడ్ ఊళ్ళో 1969లో మొదలైన కంపెనీ. కెన్, నార్మ్ అనే ఇద్దరు మోటారు సైకిళ్ళవాళ్ళ పేర్లలో మొదటి అక్షరాలే ఆ పేరు. అక్కడి ఎడారి రేసుల్లో దుమ్ము తట్టుకోవడానికి, కడిగి మళ్ళీ వేసుకోవడానికి పనికొచ్చింది కాబట్టే ఈ రకం ఫిల్టర్‌కు పేరొచ్చింది. ఇప్పుడు మన దగ్గర దాన్ని కొనేవాళ్ళలో ఎక్కువమంది సౌండు కోసం, పవర్ కోసం కొంటున్నారు.

పవర్ పెరుగుతుందా? ఇంజనులో మరేదీ మార్చకుండా ఫిల్టర్ ఒక్కటే మారిస్తే, పెరిగేది చాలా కొంచెం. రోడ్డు మీద మీకు తెలియనంత కొంచెం. గాలి లాగే చప్పుడు పెరుగుతుంది. ఆ చప్పుడు వల్లే పికప్ పెరిగిందనిపిస్తుంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో పందెం బళ్ళకు ఇలాంటివి వాడతారంటే దానికో లెక్క ఉంది. అక్కడ నున్నటి తారు రోడ్డు. దుమ్ము తక్కువ. ఆ ఇంజన్లను తరచుగా విప్పి చూస్తారు, అరిగిన రింగులు మార్చేస్తారు. మీ బండి ఇంజను మీరు ఏటా విప్పించరు కదా.

నూలు గుడ్డ ఫిల్టర్ చెడ్డదని నేననడం లేదు. దాని సేవ ఓపిగ్గా చేసుకునేవాళ్ళకు అది మంచిదే. దాని కోసమే అమ్మే ద్రావణంతో కడగాలి. నీళ్ళు శుభ్రమైన వైపు నుంచి మురికి వైపుకు, మెల్లగా పోయాలి. నీడలో ఆరనివ్వాలి. ఒక్క తడి చుక్క లేకుండా ఆరాక, దాని నూనె పల్చగా, ప్రతి మడతకూ అందేలా వేయాలి. తక్కువైతే దుమ్ము దాటుతుంది. ఎక్కువైతే నూనె లోపలికి పీల్చుకుని గాలిని కొలిచే సెన్సర్ల మీద పడొచ్చు. ఇంజనాయిల్ వేయకూడదు. ఇదంతా మీ చేత్తో మీరు చేస్తానంటే కొనండి. చేయలేనంటే, రోజూ కాలేజీకి, ఆఫీసుకు తిరిగే బండికి, కంపెనీ ఇచ్చిన కాగితం ఫిల్టరే మేలని నా గట్టి నమ్మకం.

మరో రకం ఉంది. ఫిల్టర్ పెట్టె మొత్తం పీకేసి, గొట్టం చివర చిన్న శంకువు ఆకారం ఫిల్టర్ బిగిస్తారు. ఇది మాత్రం వద్దండీ. ఆ పెట్టె ఊరికే పెట్టింది కాదు. ఇంజను లాగే గాలి అలలకు తగ్గట్టు దాని కొలత లెక్కగట్టి చేస్తారు. అది తీసేస్తే మధ్య వేగాల్లో లాగుడు తగ్గుతుంది. పైగా వాన నీళ్ళకు అడ్డు ఉండదు. జూలైలో ఒక్క వాన చాలు.

ఏ ఫిల్టర్ కొన్నా, దుకాణంలోనే పాతదాని పక్కన పెట్టి చూడండి. పొడవు, వెడల్పు సరిపోయాయా? మడతలు అన్నే ఉన్నాయా? చుట్టూ ఉన్న రబ్బరు అంచు అంతే మందంగా, మెత్తగా ఉందా? ఫ్రేము వంకర పోయిందా? డబ్బా మీద పార్ట్ నంబరు మీ మోడల్‌దేనా? డూప్లికేట్ సామాను ఎక్కువగా దొరికిపోయేది మడతల దగ్గర, అంచు దగ్గర. కాగితం తక్కువ పెట్టి మడతలు తగ్గిస్తారు. అంచు రబ్బరు గట్టిగా ఉంటుంది, పెట్టెలో సరిగ్గా కూర్చోదు. ముక్కు పక్కన సందు గుర్తుందా? అదే ఇది.

ఎప్పుడు మార్చాలి? మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. చాలా బళ్ళకు 10 వేల నుంచి 20 వేల కిలోమీటర్ల మధ్యలో ఏదో ఒక లెక్క చెబుతారు. అది మామూలు రోడ్ల లెక్క. క్వారీల దారిలో, మట్టి రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్ళు అందులో సగానికే విప్పి చూడాలి. మైలేజీ తగ్గినప్పుడు మార్చుదాం అని ఆగకండి. పాత కార్బరేటర్ బళ్ళకు గాలి తగ్గితే పెట్రోలు ఎక్కువ మండి, ప్లగ్ నల్లబడి, విషయం తెలిసేది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్ 6 ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్ళలో సైలెన్సర్ దగ్గర సెన్సరు ఉంటుంది. గాలి తగ్గితే పెట్రోలూ తగ్గిస్తుంది. కాబట్టి మైలేజీ పెద్దగా మారదు. పై వేగాల్లో బండి బరువెక్కినట్టు ఉంటుంది, అంతే. కిలోమీటర్లే లెక్కపెట్టుకోండి.

ఇక మార్చడం. మామూలు బళ్ళలో పక్క ప్యానెల్ తీసి, నాలుగు స్క్రూలు విప్పితే ఫిల్టర్ చేతికొస్తుంది. స్పోర్ట్ బళ్ళలో అంత తేలిక కాదు. చాలా వాటిలో ఫిల్టర్ పెట్టె పెట్రోలు ట్యాంకు కింద ఉంటుంది. కొన్నింటిలో సీటు కింద. ఫెయిరింగ్ తీయాలి, ట్యాంకు ఎత్తాలి. గంట పని. అందుకే సర్వీసులో చాలాసార్లు అది ముట్టుకోకుండానే మిగిలిపోతుంది. బిల్లులో మార్చామని ఉంటే, పాత ఫిల్టర్ చూపించమని అడగండి. మర్యాదగా అడగండి, కానీ అడగండి.

మీరే మార్చుకునేటట్టయితే, ట్యాంకు తీయాల్సిన బండా కాదా ముందు చూసుకోండి. ఇంజెక్షన్ బళ్ళలో పెట్రోలు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది. టక్కున ఊడదీస్తే పెట్రోలు చిమ్ముతుంది. వేడి ఇంజను మీద పడితే ప్రమాదం. మొదటిసారి మెకానిక్ దగ్గర నిలబడి చూసి నేర్చుకోండి. సీటు కిందో పక్కనో ఉండే రకమైతే ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇంజను చల్లారాలి. పైన పేరుకున్న దుమ్మును పెట్టె తెరవకముందే తడిగుడ్డతో తుడిచేయండి. తెరిచాక తుడిస్తే ఆ దుమ్ము లోపలే పడుతుంది.

మూత తీశారు. పాత ఫిల్టర్ ఇంకా తీయకండి. ఎటువైపు పెట్టారో ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. ఇప్పుడు తీయండి. ఇంజను వైపు రంధ్రం కనిపిస్తుంది. దానికి శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టండి. ఒక స్క్రూ అందులో పడితే ఇంజను విప్పాల్సి రావచ్చు. మూసేటప్పుడు ఆ గుడ్డ తీయడం మాత్రం మరిచిపోకండి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఫిల్టర్ దాటిన తర్వాతి భాగం, అంటే ఇంజను వైపు ఉండే శుభ్రమైన గది. అందులో గోడల మీద వేలు పెట్టి రుద్దండి. చుట్టూ అంచు కూర్చునే గాడిలోనూ రుద్దండి. వేలు శుభ్రంగా వచ్చిందా? పాత ఫిల్టర్ తన పని చేసింది. వేలికి ఎర్రమట్టో బూడిదరంగు పొడో అంటిందా? దుమ్ము దాటుతోంది. ఎక్కడ నుంచి దాటిందో కనిపెట్టకుండా కొత్త ఫిల్టర్ వేసి మూసేయకండి. ఫిల్టర్ చిరిగిందేమో చూడండి. అంచు మడతపడిందేమో చూడండి. పెట్టె పగిలిందేమో చూడండి. పెట్టెకూ ఇంజనుకూ మధ్య రబ్బరు గొట్టం క్లిప్పు వదులైందేమో చూడండి.

పొడి బదులు ఇంజనాయిల్ కనిపిస్తే కంగారు పడకండి. ఇంజను నుంచి ఒక గొట్టం ఈ పెట్టెలోకే వస్తుంది. ఆయిలు ఎక్కువ పోస్తే అది ఇక్కడికి చేరుతుంది. ఆయిల్ లెవెల్ గీతల మధ్య ఉందో లేదో చూసుకోండి. పెట్టె అడుగున చిన్న గొట్టం, దానికి మూత ఉంటాయి. అది తీసి పేరుకున్న నీళ్ళూ ఆయిలూ వదిలేసి మళ్ళీ పెట్టేయండి. వానాకాలం తర్వాత ఇది తప్పకుండా చేయాలి.

పెట్టెను పొడిగుడ్డతో తుడవండి, గాలి కొట్టొద్దు. కొత్త ఫిల్టర్ బాణం గుర్తు చూసి పెట్టండి. అంచు గాడిలో కూర్చుందా? చుట్టూ వేలితో నొక్కుతూ రండి. ఎక్కడైనా పైకి లేస్తే తీసి మళ్ళీ పెట్టండి. మూత స్క్రూలు ఒక పక్కవే బిగించేయకుండా, ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా బిగించండి. ప్లాస్టిక్ మర కాబట్టి బలం చూపిస్తే చెడిపోతుంది. తీసిన గొట్టాలన్నీ మళ్ళీ పెట్టారా? సెన్సర్ వైరు పెట్టారా? అప్పుడు స్టార్ట్ చేయండి. ఈల వేసినట్టు సన్నటి చప్పుడు వస్తే ఎక్కడో సందుంది. ఆపి చూడండి.

చివరగా ఒక పని. మీటరు మీద కిలోమీటర్లు ఎంతున్నాయో ఒక కాగితం ముక్క మీద రాసి, సీటు కింద అంటించండి. ఓ 500 కిలోమీటర్లు తిరిగాక మూత మరోసారి తీసి, ఆ శుభ్రమైన గదిలో వేలు పెట్టి చూడండి. ఏమీ అంటకపోతే, ఇక గడువు వచ్చేదాకా దాని జోలికి వెళ్ళనక్కర్లేదు.